పాఠం 14: ఆట మధ్యలో వచ్చే పిచ్చర్ – హోయ్ట్ విల్‌హెల్మ్

ఈ పాఠం చదివాక బేస్‌బాల్‌లో రిలీఫ్ పిచ్చర్ చేసే పని ఏమిటో మీరు చెప్పగలుగుతారు. హోయ్ట్ విల్‌హెల్మ్ అనే అమెరికా ఆటగాడి జీవితాన్ని కాలక్రమంలో వివరించగలుగుతారు. పిచ్చర్ ఇచ్చే పరుగుల సగటును లెక్కకట్టగలుగుతారు.

14.1 పిచ్చర్ అంటే ఎవరు?

మనకు క్రికెట్ తెలుసు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం. క్రికెట్‌లో బౌలర్ చేసే పనిని బేస్‌బాల్‌లో పిచ్చర్ చేస్తాడు. అయితే అతను పరుగెత్తుకుంటూ రాడు, బంతిని నేలకు కొట్టడు. ఒకచోట నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న లక్ష్యం మీదుగా నేరుగా విసురుతాడు. ఆ లక్ష్యం పక్కన బ్యాటర్ నిలబడతాడు. వెనుక పెద్ద తోలు తొడుగుతో క్యాచర్ కూర్చుంటాడు.

ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది. క్రికెట్ కెప్టెన్ ఒక బౌలర్‌ను కొంతసేపు ఆపి, మళ్లీ పిలవవచ్చు. బేస్‌బాల్‌లో ఆటనుంచి తప్పించిన పిచ్చర్ ఆ మ్యాచ్‌లో తిరిగి రాకూడదు. మొదట దిగినవాడు అలసిపోయినా, దెబ్బలు తిన్నా అతని స్థానంలోకి వచ్చేవాడే రిలీఫ్ పిచ్చర్, అంటే ఆదుకొనే పిచ్చర్. అతను వచ్చేసరికి ప్రత్యర్థులు అప్పటికే బేస్‌ల మీద నిలబడి ఉండవచ్చు. వారు పరుగు తీస్తే అది పాత పిచ్చర్ ఖాతాలోనే పడుతుంది, కానీ మ్యాచ్ పోయేది కొత్తవాడి చేతుల్లోనే. లెక్కల్లో కనబడని బరువు అది.

14.2 పత్రికలో చూసి నేర్చుకున్న బంతి

విల్‌హెల్మ్ 1922 జులై 26న నార్త్ కెరొలైనా రాష్ట్రంలోని హంటర్స్‌విల్‌లో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. ఆయన బంతిలో వేగం లేదు. ఉన్నత పాఠశాలలో చదివే రోజుల్లో డచ్ లియోనార్డ్ అనే పిచ్చర్ గురించి పత్రికలో చదివారు. బంతిని లియోనార్డ్ ఎలా పట్టుకుంటాడో చూపే చిత్రం అందులో ఉంది. దాన్ని చూసి తానూ సాధన మొదలుపెట్టారు. పక్కన శిక్షకుడెవరూ లేడు. అచ్చులో ఉన్నదాన్ని చూసి ఒంటరిగా నేర్చుకోవడమంటే ఏమిటో ఈ పుస్తకం పట్టుకున్న మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ బంతి పేరు నకిల్‌బాల్. నకిల్ అంటే వేలి మెటిక. పేరు అలా ఉన్నా, చాలామంది దానిని మెటికలతో కాక వేలికొసలతో, గోళ్లతో నొక్కి పట్టుకుంటారు. ఉద్దేశం ఒక్కటే: బంతి దాదాపు తిరగకుండా వెళ్లాలి. బేస్‌బాల్ బంతి మీద ఎర్రదారంతో వేసిన కుట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. గిరగిర తిరిగే బంతిపై గాలి ఒకే తీరుగా పనిచేస్తుంది కనుక అది ఎటు వంగుతుందో ఊహించవచ్చు. తిరగని బంతిలో కుట్టు కాస్త పక్కకు జరిగితే చాలు, గాలి ఒరవడి మారిపోతుంది. బంతి ఒకసారి ఇటు, మరోసారి అటు ఊగుతుంది. ఎటు పోతుందో బ్యాటర్‌కు తెలియదు, క్యాచర్‌కూ తెలియదు. విసిరినవాడికీ పూర్తిగా తెలియదు!

14.3 ఇరవై తొమ్మిదేళ్ల కొత్తవాడు

1942లో చిన్న లీగులో ఆట మొదలుపెట్టగానే యుద్ధం అడ్డొచ్చింది. విల్‌హెల్మ్ సైన్యంలో చేరి ఐరోపాలో పోరాడారు. బల్జ్ యుద్ధంలో గాయపడి, క్షతగాత్రులకిచ్చే పర్పుల్ హార్ట్ పతకం పొందారు. తిరిగి వచ్చాక మరికొన్నేళ్లు చిన్న లీగుల్లోనే గడిచాయి. ఊగే బంతిని నమ్ముకున్నవాడిని పెద్ద జట్లు అంత తేలికగా నమ్మవు.

1952లో న్యూయార్క్ జెయింట్స్ అవకాశమిచ్చింది. అప్పటికి ఆయనకు 29 ఏళ్లు. బ్యాటుతో తొలిసారి నిలబడినప్పుడే హోమ్ రన్ కొట్టారు. విచిత్రమేమంటే, ఆ తరువాత 21 సీజన్లు ఆడినా మరొక్కటీ కొట్టలేదు.

పిచ్చర్‌గా ఆ ఏడాది 71 మ్యాచ్‌లలో దిగారు. ఒక్కదానినీ మొదలుపెట్టలేదు, అన్నిటిలోనూ మధ్యలో వచ్చినవారే. అయినా పరుగుల సగటులో నేషనల్ లీగ్ మొత్తానికి మొదటివారయ్యారు. ఆ సగటును ఇలా కడతారు: ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి మినహాయించి, పిచ్చర్ ఇచ్చిన పరుగులను 9తో గుణించి, అతను వేసిన ఇన్నింగ్స్‌తో భాగించాలి. ఆయన ఇచ్చిన పరుగులు 43, వేసిన ఇన్నింగ్స్ 159⅓. 43 × 9 = 387. దీన్ని 159⅓తో భాగిస్తే 2.43. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు రెండున్నర పరుగులైనా ఇవ్వలేదన్నమాట.

పాఠ్యాంశ ప్రశ్న: 159⅓లో ఆ మూడో వంతు ఎలా వచ్చింది? (సూచన: ఒక జట్టు ఇన్నింగ్స్ ముగియడానికి ముగ్గురు అవుట్ కావాలి.)

14.4 మొదలుపెట్టేవాడుగానూ పనికొచ్చారు

మధ్యలో వచ్చేవాడు మొదటినుంచి వేయలేడని అప్పట్లో చాలామంది అభిప్రాయం. 1958లో బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు నిర్వాహకుడు పాల్ రిచర్డ్స్ ఆ పని ఆయనకు అప్పగించాడు. సెప్టెంబర్ 20న ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్. ఆ సంవత్సరం ప్రపంచ సిరీస్ గెలిచిన జట్టు అది. విల్‌హెల్మ్ తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తిగా వేసి, వారికి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఓరియోల్స్ 1–0తో గెలిచింది. 1959లో అమెరికన్ లీగ్‌లోనూ ఆయన సగటే మొదటిది.

పాపం, కష్టం క్యాచర్లది. ఊగే బంతి చేతికి చిక్కక వెనక్కి జారిపోయేది. 1960లో రిచర్డ్స్ ఒక ఉపాయం చేశాడు. చుట్టుకొలత 45 అంగుళాలుండే పెద్ద తొడుగు కుట్టించాడు. తరువాత నిబంధన మార్చి, 38 అంగుళాలకు మించరాదన్నారు. ఒక్క మనిషి బంతి కోసం తొడుగు పెరగడం, తొడుగు కోసం నిబంధన రావడం నాకైతే ఆయన గెలిచిన బిరుదులకంటె ఆసక్తికరంగా తోస్తుంది.

14.5 నలభై దాటాక

1963లో షికాగో వైట్ సాక్స్ జట్టుకు వెళ్లి, తిరిగి రిలీఫ్ పనిలో కుదురుకున్నారు. 1964 నుంచి 1968 వరకు వరుసగా ఐదేళ్లు ఆయన సగటు 2 కంటె తక్కువ. ఆ కాలంలో ఆయన వయసు 41 నుంచి 46 ఏళ్లు! బంతిని బలంకొద్దీ విసరనక్కరలేదు కనుక భుజం అరగలేదు. 1968లో సై యంగ్ పేరిట ఉన్న 906 మ్యాచ్‌ల రికార్డు దాటారు. 1970లో వెయ్యి మ్యాచ్‌లు ఆడిన తొలి పిచ్చర్ అయ్యారు. ఆధిక్యం చేజారకుండా ఆట ముగించిన పిచ్చర్‌కు ‘సేవ్’ అని అధికారికంగా లెక్క రాయడం 1969లో మొదలైంది. అప్పటికి ఆయన చేసిన పనిలో ఎక్కువ భాగం అయిపోయింది. పాత మ్యాచ్‌ల సేవ్‌లను తరువాత తిరగేసి లెక్కకట్టారు.

తొమ్మిది జట్లకు 1,070 మ్యాచ్‌లు ఆడి, యాభై ఏళ్లు నిండడానికి కొద్ది రోజుల ముందు, 1972 జులైలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టునుంచి విడుదలయ్యారు. మొత్తం మీద తానుగా మొదలుపెట్టిన మ్యాచ్‌లు 52 మాత్రమే. 1985లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందారు. రిలీఫ్ పిచ్చర్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 2002లో మరణించారు.

అభ్యాసం

1. తప్పించిన పిచ్చర్ తిరిగి రాకూడదన్న నిబంధన లేకపోతే రిలీఫ్ పిచ్చర్ అవసరం తగ్గేదా? మీ అభిప్రాయం ఐదు వాక్యాల్లో రాయండి.

2. 1959లో విల్‌హెల్మ్ 226 ఇన్నింగ్స్ వేసి 55 పరుగులు ఇచ్చారు. సగటు కట్టండి. మీ జవాబు 2.19 రావాలి. రాకపోతే 14.3 భాగంలోని లెక్కను మరోసారి చూడండి.