లాంచీ ఎక్కే ముందు

కారంపూడి

చిరంజీవి మనవరాలికి,

గ్రీసు దేశపు సాంటొరిని దీవి ఫోటోలు చూసి, అలాంటి చోటికి ఒక్కరోజైనా వెళ్ళి రావాలని ఉందన్నావు. తప్పకుండా వెళ్దువుగాని. ముందు మన పలనాటి దీవిని చూసిరా తల్లీ. పొద్దున్నే కారంపూడిలో బయల్దేరితే మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, అక్కడ లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసుకుని రాత్రి భోజనాల వేళకి ఇల్లు చేరవచ్చు.

అది పుట్టుకతో దీవి కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యాముకు శంకుస్థాపన చేసేనాటికి అది కృష్ణ లోయలో ఒక కొండ. కింద లోయలో ఉన్నది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. సాతవాహనుల తరవాత, క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, అతని కొడుకు వీరపురుషదత్తుడు, వాళ్ళ వారసులు ఏలిన నగరం. నీళ్ళొచ్చి ముంచేస్తాయని తేలాక పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా లోయను తవ్వించింది. ముఖ్యమైన కట్టడాల్ని విప్పి, కొన్నిటిని కొండమీద, కొన్నిటిని కుడిగట్టున అనుపులో మళ్ళీ పేర్చారు. నైలు నది మీద అస్వాన్ డ్యాము కోసం అబూ సింబెల్ గుడిని కోసి పైకెత్తే పని మొదలైంది 1964లో. అప్పటికే మన లోయలో తవ్వకాలు ముగిశాయి.

లాంచీ కదిలాక సెల్ఫీల హడావిడిలో పడిపోకుండా కాసేపు నీళ్ళవంక చూడు. వీధులు, విహారాలు, స్తూపాల పునాదులు ఆ నీళ్ళ కిందే ఉన్నాయి. ఆ నీళ్ళే కుడికాలువలో పారి పలనాటి మిర్చి, పత్తి చేలకు వస్తున్నాయి. డ్యాము కట్టడం తప్పని మీ తాత ఎన్నడూ అనడు. ఆ నీళ్ళతో బతికే పిల్లలకు విజయపురి పేరైనా తెలియకపోతే మాత్రం మనసు ఒప్పుకోదు.

కొండమీది మ్యూజియంలో ఛాయాస్తంభాల దగ్గర ఆగు. చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా నిలిపిన రాళ్ళవి. శాంతమూలుడి స్తంభాన్ని అతని తల్లులు, అక్కచెల్లెళ్ళు, రాణులు కలిసి, వీరపురుషదత్తుడి పాలన 20వ ఏట నిలబెట్టారు. అలాంటి రాయి రాజొక్కడికే దక్కలేదు. యుద్ధంలో పడిన సైనికులకు, శిల్పుల పెద్దకు కూడా దక్కింది. మన నాగులేటి పక్కన వీరుల గుడిలో ఏటా కార్తీకంలో కొలుచుకునే పలనాటి వీరులు 12వ శతాబ్దం వాళ్ళు. పోయిన వీరుణ్ణి రాతిలో నిలుపుకుని తలుచుకోవడం ఈ నేలకి అంతకు తొమ్మిది వందల ఏళ్ళ ముందే అలవాటు. ఈ సంగతి పాఠంలో చదివినదానికంటే, ఆ రాళ్ళ ముందు నిలబడితే బాగా ఎక్కుతుంది.

నువ్వు మోజుపడ్డ మధ్యధరా సముద్రపు జాడ కూడా ఈ లోయలో ఉంది. రోమన్ చక్రవర్తి టైబీరియస్ బంగారు నాణెం, రాణి ఫౌస్టినా పేరిట కొట్టిన నాణెం ఇక్కడి తవ్వకాల్లో దొరికాయి. రాజభవనం ఉన్న చోట దొరికిన ఒక స్తంభం మీద, చేతిలో కొమ్ముపాత్ర, పక్కన ద్రాక్షసారా పీపాతో ఒక మనిషి నిలబడి ఉంటాడు. గ్రీకుల దేవుడు డయొనైసస్ అని పండితులు గుర్తించారు. ఇంకొక చోట పొడుగు కోటు తొడిగి, బల్లెం పట్టిన శక సైనికుడు. అవన్నీ చెక్కింది మాత్రం పలనాటి సున్నపురాతిలోనే. మెడలోని దండలు, బట్టల మడతలు ఆ రాతిలో ఎంత సన్నగా తేలాయో దగ్గరికెళ్ళి చూడు.

తిరిగొచ్చాక అనుపు వదిలిపెట్టకు. అక్కడి రంగస్థలంలో సుమారు 16 మీటర్ల పొడవున్న మైదానం, చుట్టూ మెట్లు. స్నేహితురాల్ని మైదానంలో నిలబెట్టి మామూలు గొంతుతో మాట్లాడమని, నువ్వు పైమెట్టు మీద కూర్చుని విను. ఇలాంటి రంగస్థలం రోమన్ ఊళ్ళలో మామూలు, మన దేశంలో అరుదు.

శుక్రవారం మ్యూజియానికి సెలవు. లాంచీ వేళలు ముందే కనుక్కో. గాలి ఎక్కువై లాంచీ ఆగిపోయినా దిగులుపడకు, అనుపుకు రోడ్డు ఉంది.

ఆశీస్సులతో,
మీ తాత