అలాతచక్రం

మండుతున్న కొరివిని చీకటిలో గిరగిర తిప్పితే అగ్నివలయం కనిపిస్తుంది. అక్కడ ఉన్నది ఒక్క నిప్పుకణికే. ఈ దృశ్యాన్నే మన పూర్వులు అలాతచక్రం అన్నారు. గౌడపాదుల మాండూక్య కారికలలో నాలుగవ ప్రకరణానికి అలాతశాంతి అని పేరు. తత్త్వవేత్త దృష్టిలో ఆ వలయం భ్రాంతి. పాతకాలపు ప్రొపెల్లర్ విమానాన్ని ఛాయాచిత్రంలో బంధించదలచిన వారికి మాత్రం ఆ వలయమే సత్యం.

బెంగళూరు సమీపంలోని యలహంక వైమానిక స్థావరంలో జరిగే ఏరో ఇండియా ప్రదర్శనలో అధికసంఖ్యాకుల కెమెరాలు జెట్ యుద్ధవిమానాల కోసమే సిద్ధమై ఉంటాయి. సెకనులో 2000వ వంతు కాలం మాత్రమే షట్టర్ తెరుచుకొనేట్లు అమర్చితే జెట్ విమానం చిత్రం స్పష్టంగా వస్తుంది. 2019లో అదే ఆకాశంలో డకోటా విమానం కూడా ఎగిరింది. అదే అమరికతో దానిని చిత్రిస్తే ప్రొపెల్లర్ రెక్కలు కొయ్యబారి నిలిచిపోయినట్లు కనిపిస్తాయి. ఇంజన్లు ఆగిపోయిన విమానం ఆకాశాన వేలాడుతున్నట్లుంటుంది. చిత్రం స్పష్టమే, కాని విమానంలో ప్రాణం లేదు.

కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. డకోటాలో ఇంజను వేగాన్ని గేర్లు తగ్గించి ప్రొపెల్లర్‌కు అందిస్తాయి. ప్రొపెల్లర్ నిమిషానికి 1200 సార్లు తిరుగుతున్నదనుకొందాం. అంటే సెకనుకు 20 చుట్లు. సెకనులో 2000వ వంతులో అది 3.6 డిగ్రీలు మాత్రమే కదులుతుంది. 125వ వంతులో సుమారు 58 డిగ్రీలు తిరుగుతుంది. డకోటా ప్రొపెల్లర్‌కు మూడు రెక్కలు, వాటి మధ్య దూరం 120 డిగ్రీలు. కనుక 60వ వంతు దగ్గర వలయం సంపూర్ణమవుతుంది.

అయితే షట్టర్ ఎంత నిదానిస్తే చేతి వణుకు అంతగా చిత్రంలోకి చేరుతుంది. ఈ విద్యలోని కష్టమంతా ఇక్కడే ఉంది. పాదాలను నేలపై స్థిరంగా ఉంచి, మోచేతులను దేహానికి ఆనించి, నడుమును మాత్రమే తిప్పుతూ విమానం వేగంతో సమంగా కెమెరాను కదపాలి. విమానం ఎదురుగా రాకముందే అనుసరించడం మొదలుపెట్టాలి. మీట నొక్కిన తరువాత కూడా ఆ కదలికను ఆపరాదు. విలుకాడు బాణం విడిచిన మరుక్షణమే విల్లు దించడు కదా! తొలిదశలో తీసిన చిత్రాలలో అధికభాగం అలుక్కుపోతాయి. 250వ వంతుతో ఆరంభించి, అభ్యాసం కుదిరిన కొద్దీ 125కు దిగడం మంచిది. ప్రకాశవంతమైన ఆకాశం ముందు విమానం నల్లని నీడగా మారుతుంది కనుక కాంతిని కొంత పెంచుకోవాలి.

చెవిని కూడా ఉపయోగించుకోవచ్చు. హార్వర్డ్ శిక్షణ విమానంలో ప్రొపెల్లర్ కొసలు ధ్వనివేగాన్ని సమీపించడం వలన విలక్షణమైన కర్కశధ్వని పుడుతుంది. అది వినిపించగానే కెమెరా ఎత్తవచ్చు.

ఇంత శ్రమ ఎందుకని అడుగవచ్చు. ఈ విమానాల వెనుక చరిత్ర ఉంది. డకోటా పౌరవిమానంగా 1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరింది. హైదరాబాదులోని బేగంపేట కేంద్రంగా పనిచేసిన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ 1953 నాటి జాతీయీకరణకు పూర్వం ఈ విమానాలనే నడిపింది. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు సైనికులను శ్రీనగర్‌కు చేర్చినవి డకోటాలే. నాటి విమానపు సంఖ్య అయిన వీపీ 905ను నేడు ‘పరశురామ’ అనే డకోటా ధరించింది. తుక్కుగా మారనున్న దశలో రాజీవ్ చంద్రశేఖర్ దానిని కొని, బ్రిటన్‌లో పునరుద్ధరింపజేసి వైమానిక దళానికి బహూకరించారు. 2018లో అది స్వదేశానికి ఎగిరివచ్చింది. ఆయన తండ్రి వైమానిక దళంలో డకోటాలు నడిపిన అధికారి.

పాత విమానాలు ఎగరడంలో ప్రమాదం కూడా ఉంది. 2022 నవంబరు 12న అమెరికాలోని డాలస్ ప్రదర్శనలో రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాలు రెండు ఢీకొని ఆరుగురు మరణించారు. దర్యాప్తు చేసిన సంస్థ ప్రేక్షకులు తీసిన ఛాయాచిత్రాలను, వీడియోలను పంపవలసిందిగా కోరింది. వేడుకగా తీసిన చిత్రం ఒక్కరోజులో సాక్ష్యమైంది.

అందువల్లనే ఆగిపోయినట్లున్న ప్రొపెల్లర్‌కు కంప్యూటరులో వలయాన్ని అతికించే పద్ధతిని నేను మెచ్చను. చిత్రకారుడు గీయవచ్చు, ఛాయాచిత్రకారుడు చూడాలి. సెల్‌ఫోన్ చిక్కు వేరు. చాలా ఫోన్లు దృశ్యాన్ని ఒక్కసారిగా కాక వరుస వెంట వరుసగా నమోదు చేస్తాయి. ఆ లోపల రెక్కలు కదలిపోవడం వలన అవి కొడవళ్ళలా వంగి కనిపిస్తాయి. అది విమానపు లోపం కాదు, ఫోన్ చూసే తీరు.

ఇంటికి చేరాక అలుక్కుపోయిన చిత్రాలను తీసివేయవచ్చు. మిగిలిన వాటి వద్ద తేదీని, స్థలాన్ని, విమానంపై ఉన్న సంఖ్యను ఆనాడే రాసి ఉంచాలి.

ప్రశ్నలు
1. తత్త్వవేత్తకు, ఛాయాచిత్రకారునికి వలయం విషయంలో గల దృష్టిభేదాన్ని వివరించండి.
2. సెకనుకు 20 చుట్లు తిరిగే ప్రొపెల్లర్ 250వ వంతులో ఎన్ని డిగ్రీలు కదులుతుంది?
3. కంప్యూటరులో వలయాన్ని అతికించడంపై రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? చర్చించండి.