తుపాకి జాడ

గోదావరి సీమలోని పెనుగొండలో ధాన్యవర్తకుడు బస్తాపై గుర్తు వేయును. దానిని ఎవరి వద్ద కొన్నదియు, ఎవరికి అమ్మినదియు చిట్టాలో వ్రాసికొనును. సరకులో కల్తీ బయటపడినచో, ఆ వ్రాతను బట్టి బాధ్యుని కనుగొనవచ్చును. ప్రాణములు తీయు తుపాకికి ఇట్టి లెక్క మరింత అవసరము గదా!

అట్టి లెక్కను గూర్చిన యుదంతమొకటి మన్యమున జరిగినది. పోడు వ్యవసాయముపై ఆంక్షలను, వెట్టిచాకిరిని సహింపలేక గిరిజనులు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున తిరుగబడిరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసి, మొత్తము 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను గైకొనిరి. తీసికొనిపోవు ఆయుధముల వివరమును రాజు ఠాణా పుస్తకమున వ్రాయించి సంతకము చేసెను. దొంగ తన జాడను దాచును. రాజు తన జాడను విడిచి, జరిగినదానికి తానే బాధ్యుడనని చాటెను.

అన్ని తుపాకుల కథయు ఇట్లుండదు. దొంగచాటున సరిహద్దులు దాటు తుపాకులపై అంకెలను ఆకురాతితో రాచి చెరుపువారు కలరు. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ఈ పనిని నేరముగా నెంచినది. ప్రపంచ దేశములన్నిటికిని వర్తించునట్లు ఐక్యరాజ్యసమితి 2005 డిసెంబరు 8న ఒక విధానము నంగీకరించినది. దాని ప్రకారము ప్రతి తుపాకిపైనను, తయారగునపుడే, చేసినవారి పేరు, దేశము, వరుససంఖ్య చెక్కవలెను. తయారీ లెక్కలను కనీసము 30 సంవత్సరములు, ఎగుమతి దిగుమతుల వంటి ఇతర లెక్కలను 20 సంవత్సరములు భద్రపరుపవలెను. నేరస్థలమున తుపాకి దొరకినచో, దానిని చేసిన దేశమును “ఎవరికి అమ్మితిరి?” అని అడుగుదురు. కొన్నవారిని మరల అట్లే అడుగుదురు. ఈ గొలుసులో ఒక్క కొలికి తెగినను జాడ తప్పిపోవును.

తూటాల జాడ తీయుట మరింత కష్టము. అవి లక్షలుగా తయారగుటచే ఒక్కొక్కదానికి వేరు సంఖ్య వేయుట దుర్ఘటము. అడుగున నుండు ముద్ర సామాన్యముగా చేసినవారిని, పలుమార్లు సంవత్సరమును మాత్రమే తెలుపును. 2005 నాటి విధానములో తూటాలకు చోటు లేకపోయెను. వాని భద్రతకై 2023లో మరియొక విధానము నంగీకరించిరి.

ఈ రెండు విధానములును చట్టబద్ధమైన శాసనములు కావు. అడిగినపుడు దాచక సమాధానమిచ్చు దేశముల నిజాయితీయే వానికి బలము. అంకెను చెక్కుట యంత్రము చేయగలదు; ఆ అంకె వెనుకనున్న సత్యమును చెప్పవలసినవాడు మనుష్యుడే.