పాత బాకీ గడి చూడు తల్లీ

విడవలూరు

చిరంజీవి అమ్మాయికి,

చెత్త రీసైక్లింగ్ కంపెనీలో కాంట్రాక్టుల పని నీ చేతికొచ్చిందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. మీ దగ్గర సరుకు కొనే విదేశీ కంపెనీ ‘మీ పనిలో ఎక్కడా బానిసత్వం లేదని రాసివ్వండి’ అని అడిగిందట. సంతకం పెట్టేముందు ఏం చూడాలన్నావట. కార్మిక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మన వైపు వెట్టి అడ్వాన్సుతో మొదలవుతుంది. జబ్బుకో పెళ్ళికో మేస్త్రీ పదివేలు చేతిలో పెడతాడు. ఇటుక బట్టీల్లో, రొయ్యల గుంటల కాపలాలో యానాది కుటుంబాలు ఇలాగే చిక్కుకుంటూ వచ్చాయి. చెత్త పనిలోనూ ఇదే తీరు. పాత సామాను కొట్టు దగ్గర ఒక పూట నిలబడి చూడు. గోనెసంచీతో వచ్చిన ఆడమనిషి అట్టలు, సీసాలు, ప్లాస్టిక్ విడివిడిగా కాటా మీద పెడుతుంది. తడిగా ఉందని కొట్టువాడు కొంత తరుగు తీస్తాడు. పుస్తకం తెరిచి పాత బాకీ కింద కొంత పట్టుకుని, మిగిలింది ఇస్తాడు. పక్క కొట్టులో కిలోకి రెండు రూపాయలు ఎక్కువిస్తున్నా, బాకీ తీరేదాకా ఆమె అక్కడికి పోకూడదు. ఆ ప్లాస్టిక్కే రెండు మూడు చేతులు మారి మీ షెడ్డుకొస్తుంది. మీ బిల్లులో ఆమె పేరుండదు.

1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం చదువు. అప్పు కారణంగా మనిషికి ఇంకోచోట పనిచేసుకునే స్వేచ్ఛ గాని, తన కష్టంతో వచ్చిన సరుకును బజారు ధరకు అమ్ముకునే హక్కు గాని పోతే అది వెట్టే. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే పని కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని ఆసియా క్రీడల (ఏషియాడ్) నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు తేల్చింది.

అందుకని మొదట టెండరు రేటు చూడు. ఎంతమంది పనివాళ్ళు కావాలో లెక్కేసి, కనీస వేతనం, దానిమీద యజమాని వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం కలుపు. కాంట్రాక్టరు కోట్ చేసిన మొత్తం అంతకన్నా తక్కువుంటే ఆ తేడా కూలివాడి కడుపులోంచే రావాలి. తక్కువ కోట్ చేశాడని అతనికే పని ఇస్తే ఆ పాపంలో మీ కంపెనీకీ వాటా ఉంటుంది.

తర్వాత షెడ్డుకు వెళ్ళు, మేస్త్రీ లేని వేళ చూసుకుని. ‘అడ్వాన్సు ఎంత తీసుకున్నావు? ఏటీఎం కార్డు, ఆధార్ కార్డు ఎవరి దగ్గరున్నాయి? ఊరికి పోతానంటే పోనిస్తారా?’ అని నెమ్మదిగా అడుగు. జీతం బ్యాంకులో పడుతోందని నిశ్చింతగా ఉండకు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల పోలండ్ నుంచి నాలుగొందల మందికి పైగా పేదల్ని తెచ్చి, రీసైక్లింగ్ కేంద్రాల్లో, పొలాల్లో పనికి పెట్టిన ముఠాకు 2019లో శిక్షలు పడ్డాయి. అక్కడా జీతాలు బ్యాంకు ఖాతాల్లోనే పడ్డాయి. ఆ ఖాతాలు మాత్రం ముఠా చేతిలో ఉండేవి.

సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి మనిషిని దించే కాంట్రాక్టరును దగ్గరికి రానివ్వకు. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా అలా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

వెట్టి బయటపడితే కంగారుపడి కాంట్రాక్టు రద్దు చేసేయకు. మేస్త్రీ రాత్రికి రాత్రే వాళ్ళను ఇంకో ఊరికి తరలిస్తాడు, బాకీ వెంటే పోతుంది. ముందు ఆర్డీవోకు, కలెక్టరుకు రాసివ్వు. పిల్లలుంటే 1098కి ఫోన్ చెయ్యి. విడుదల పత్రం చేతికొచ్చేదాకా వాళ్ళ వెంట ఉండు. ఆ బాకీని చట్టమే రద్దు చేసింది, ఎవరూ తీర్చనక్కర్లేదు. 2016 నాటి కేంద్ర పథకంలో మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకూ పిల్లలకూ రెండు లక్షల సాయం ఉంది. పూర్తి సొమ్ము రావడం నేరం రుజువు కావడంతో ముడిపడి ఉంది కాబట్టి హాజరు పట్టీలు, బాకీ పుస్తకాలు పోకుండా భద్రం చెయ్యి.

ఒత్తిళ్ళు వస్తాయి. మన జిల్లాకు కలెక్టరుగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు వెట్టి విముక్తి కోసం పట్టుబట్టి ముఖ్యమంత్రి ఆగ్రహానికి గురయ్యారు. అయినా వెనక్కి తగ్గలేదు. రిటైరయ్యాక కూడా పాకీ పని నిర్మూలన కోసం పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్‌కు పెద్దదిక్కుగా నిలిచారు. మన మండలంలోనే అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు కుర్రతనంలో ముందుగా కూడగట్టింది వ్యవసాయ కూలీలనే. ఈ నేల మీద పుట్టినదానివి, నువ్వు భయపడకూడదు.

పట్టుకోవడం ఒక ఎత్తు, రాకుండా చూడటం ఒక ఎత్తు. ఆ మొదటి పదివేల కోసం మేస్త్రీ దగ్గర చెయ్యి చాచే అవసరం లేకుండా చెయ్యగలిగితే సగం వెట్టి పోతుంది. పనిలో చేరిన రోజే ఈఎస్ఐ నమోదు చేయించు. ఏరుకొచ్చేవాళ్ళ సంఘం నుంచే నేరుగా సరుకు కొను, తూకం వాళ్ళ కళ్ళముందే వేయించు, డబ్బు అదే రోజు ఇప్పించు. ఆపదలో వడ్డీ లేని చేబదులుకు కంపెనీలో కొంత నిధి పెట్టించు. అది తీరకపోయినా పని మానే స్వేచ్ఛ వాళ్ళకుంటుందని కాగితం మీద స్పష్టంగా రాయించు. వచ్చే టెండరులోనే ఈ షరతులన్నీ చేర్చు. అవి అమలవుతున్నాయని కళ్ళారా చూశాకే ఆ విదేశీ కంపెనీ కాగితం మీద సంతకం పెట్టు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న