నడిచి చూడదగ్గ రాజధాని - పోర్ట్ లూయీ



వార్షికోత్సవ సంచికకు పాఠంలాంటిది ఏదైనా రాసి పంపమని అడిగారు. మేమిద్దరం ఈ హాస్టల్లోనే ఆరో తరగతి నుంచి పది వరకు చదివాం. ట్రంకుపెట్టె మీద పక్కపక్కన కూర్చుని ఒకే అట్లాసు చూసేవాళ్లం. హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా పక్కన మడగాస్కర్, దానికి తూర్పున ఆవగింజంత చుక్క మారిషస్. మ్యాపు పాయింటింగులో అది ఎప్పుడూ రాలేదు కాబట్టి మేమూ దాన్ని పట్టించుకోలేదు. చాలా ఏళ్ల తర్వాత ఉద్యోగం పని మీద ఆ చుక్క దగ్గరికే వెళ్లాం. పని అయిపోయాక మూడు రోజులు మిగిలాయి. డబ్బు మాత్రం పెద్దగా మిగల్లేదు. ఆ మూడు రోజుల్లో రాజధాని పోర్ట్ లూయీని ఎలా చూశామో, ఏం నేర్చుకున్నామో రాస్తున్నాం.

ముందే ఒక మాట చెప్పాలి. విమానం టికెట్టు చవక కాదు. మా టికెట్టు మేము పనిచేసే చోటువాళ్లు కొన్నారు గనుక వెళ్లగలిగాం. వాళ్ల డబ్బును కూడా రూపాయి అనే అంటారు గానీ దాని విలువ మన రూపాయి కంటే ఎక్కువ. మారిషస్ అనగానే సినిమా పాటల్లో చూసిన సముద్ర తీరపు హోటళ్లు గుర్తొస్తాయి. వాటి జోలికి మేము పోలేదు. రాజధానిని చూడటానికి మాత్రం గట్టి చెప్పులు, మంచినీళ్ల సీసా, గొడుగు చాలు.

ఊరి స్వరూపం

పోర్ట్ లూయీ దీవికి వాయవ్య దిక్కున ఉంది. దక్షిణ అక్షాంశం సుమారు 20 డిగ్రీలు. భూమధ్యరేఖకు అవతల ఉంది కాబట్టి అక్కడ డిసెంబరు, జనవరి నెలలు ఎండాకాలం. మనకు ఎండలు మండే మే నెలలో వాళ్లకు చలికాలం మొదలవుతుంది. జనవరి నుంచి మార్చి దాకా తుపానుల భయం ఉంటుంది. ఊరికి ఒక పక్క రేవు, వెనుక కొండల వరుస. ఆ వరుసలో పీటర్ బోత్ శిఖరం ఎత్తు 820 మీటర్లు, లె పూస్ 812 మీటర్లు. లె పూస్ అంటే ఫ్రెంచిలో బొటనవేలు. చూస్తే నిజంగా అలాగే ఉంటుంది. తూర్పు నుంచి వచ్చే గాలిని ఈ కొండలు ఆపేయడం వల్ల రాజధానిలో ఉక్క ఎక్కువ. పొద్దున ఎనిమిదికే చొక్కాలు తడిసిపోయాయి.

1735లో ఫ్రెంచి గవర్నరుగా వచ్చిన మాహే ద లాబుర్దొనే ఈ రేవును రాజధానిగా తీర్చిదిద్దాడు. 1810లో దీవి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1968 మార్చి 12న స్వతంత్రమైంది. రేవు ఒడ్డున ప్లాస్ ద ఆర్మ్ అనే చౌకు ఉంది. అక్కడ లాబుర్దొనే విగ్రహం, దాని వెనుక తాడిజాతి చెట్ల వరుస, ఆ వరుస చివర పాత గవర్నరు భవనం ఉన్నాయి. చూడదలచినవన్నీ ఈ చౌకు నుంచి నడిచి పోయే దూరంలోనే ఉంటాయి. ఈ సంగతి తెలియక మొదటి గంటలోనే టాక్సీ ఎక్కి కొంత డబ్బు పోగొట్టుకున్నాం.

మూసి ఉన్న గేటు

మేము చూడాలనుకున్న మొదటి చోటు ఆప్రవాసీ ఘాట్. వెళ్లింది ఆదివారం. ఆదివారం అది మూసి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నమైతే సగం ఊరు తలుపులేసుకుంటుంది. ముందు కనుక్కోకపోవడం మా తప్పే. మీరు ఏ ఊరికి వెళ్లినా సెలవు రోజులు కనుక్కునే బయలుదేరండి. గేటు బయట నుంచి నల్లరాతి గోడలు చూసి, మర్నాడు మళ్లీ వచ్చాం. లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. చెరకు తోటల యజమానులకు పనివాళ్లు కావలసి వచ్చారు. అందుకని భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను రప్పించారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మందితో కలకత్తా నుంచి వచ్చి ఈ రేవులో ఆగింది. ఆ తర్వాత సుమారు 80 ఏళ్లలో దాదాపు 5 లక్షల మంది ఈ దీవికి వచ్చారు. వాళ్లను దించి, లెక్క రాసి, తోటలకు పంపే కేంద్రాన్ని 1849 నుంచి ఇక్కడ కట్టారు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నవంబరు 2 ఆ దేశంలో సెలవు దినం.

మిగిలింది తక్కువే. చాలా భాగం రోడ్ల కింద, పట్టాల కింద పోయింది. రేవు నుంచి పైకి వచ్చే రాతి మెట్లు ఉన్నాయి. వంటశాల, మరుగుదొడ్లు, ఆసుపత్రి గదుల ఆనవాళ్లు ఉన్నాయి. ఓడలో వారాల తరబడి వచ్చినవాళ్లు ఈ మెట్లే ఎక్కారు. మేమూ అక్కడ చాలాసేపు నిలబడ్డాం. ఫోటో తీసుకోవాలని తోచలేదు.

ఒప్పందం సాధారణంగా 5 ఏళ్లు. మగవాళ్లకు నెలకు 5 రూపాయలు, దాంతోపాటు బియ్యం, పప్పు, ఉప్పు వగైరా. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దీనికి ‘డబుల్ కట్’ అని పేరు. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. రిజిస్టరులో పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు రాసేవారు. 1860ల నుంచి ఫోటోలు కూడా తీశారు. ఇది చదవగానే మా ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. ఆరో తరగతిలో చేరిన రోజు వార్డెన్ గారి బల్ల ముందు మా నాన్నలు నిలబడి అవే గడులు నింపించారు. పుట్టుమచ్చలతో సహా. మా రిజిస్టరు మాకు అన్నం, పుస్తకాలు ఇచ్చింది. వాళ్ల రిజిస్టరు వాళ్లను తోటకు కట్టేసింది. గడులు మాత్రం అవే.

1867లో వచ్చిన చట్టం ఇంకా కఠినం. ఒప్పందం తీరిపోయిన పాత కూలీ కూడా తన ఫోటో ఉన్న టికెట్టు, పోలీసు పాసు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. పాసులో రాసిన జిల్లా దాటితే, లేదా కాగితం ఇంట్లో మరిచి బయటికొస్తే, దేశదిమ్మరి అని అరెస్టు చేయవచ్చు. మనం అవుట్‌పాసు లేకుండా గేటు దాటితే వార్డెన్ గారి చీవాట్లతో పోతుంది. వాళ్లకు జైలు. 1871లో 9,401 మంది పాత కూలీలు దీని మీద గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. దాన్ని తయారు చేయడంలో సాయపడినవాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్ల రైతు. తోటల యజమానులు అతని మీద మండిపడ్డారు. అయినా 1872లో ఇంగ్లండు ప్రభుత్వం విచారణకు రాయల్ కమిషన్ వేయక తప్పలేదు.

ఈ పాఠంలో ముఖ్యమైనది ఇదేనని మా అభిప్రాయం. పోర్ట్ లూయీలో డబ్బు లేకుండా చేయగలిగిన గొప్ప పని వీధుల్లో నడవడం. ఒకప్పుడు మనలాంటివాళ్లు ఆ వీధుల్లో నడవాలంటే కాగితం కావాలి. ఇది తెలిశాక మేము టాక్సీ కోసం చూడలేదు.

తక్కినవి

ఘాట్‌కు దగ్గరలోనే 1740లో కట్టిన పాత సైనిక ఆసుపత్రి ఉంది. 2023 నుంచి అది బానిసత్వ చరిత్ర మ్యూజియం. కూలీల కంటే ముందు ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసల కథ అక్కడ ఉంటుంది. రెండూ ఒకే రోజు చూడాలి. ఒకటి చూసి రెండోది వదిలేస్తే కథ సగమే తెలుస్తుంది.

కోడాన్ అనే రేవు ఒడ్డున బ్లూ పెన్నీ మ్యూజియం ఉంది. దీనికి టికెట్టు ఉంది. 1847లో అచ్చయిన రెండు తపాలా బిళ్లలు ఇక్కడ ప్రసిద్ధి. రంగు వెలిసిపోకుండా గంటకు కొద్ది నిమిషాలే వాటి మీద దీపం వేస్తారు. మిగతా సమయంలో నకళ్లు చూడాలి. మేము దీపం వెలిగే వేళ కనుక్కుని వెళ్లాం. నిజం చెప్పాలంటే బిళ్లల కంటే వాటిని చూడటానికి ఊపిరి బిగబట్టి నిలబడిన జనమే మాకు ఎక్కువ నచ్చారు.

సైన్సు ఇష్టమున్నవాళ్లు ప్రకృతి చరిత్ర మ్యూజియం తప్పక చూడాలి. డోడో పక్షి ఈ దీవిలో తప్ప ఎక్కడా లేదు. 17వ శతాబ్దంలోనే అంతరించింది. వేరువేరు పక్షుల ఎముకలు కలిపి కట్టిన అస్థిపంజరాలు చాలా దేశాల్లో ఉన్నాయి. దాదాపు అన్ని ఎముకలూ ఒకే పక్షివి అయిన అస్థిపంజరం ఇక్కడ ఉంది. దాన్ని 20వ శతాబ్దం మొదట్లో కనుక్కున్న ఎతియెన్ తిరియు వృత్తిరీత్యా మంగలి. ఖాళీ దొరికినప్పుడల్లా కొండ గుహల్లో ఎముకలు వెతికేవాడు. కాలేజీ పట్టా లేదని ఎవరైనా మిమ్మల్ని తక్కువ చేస్తే ఆయన పేరు చెప్పండి.

భోజనం సంగతి

మధ్యాహ్నాలు సెంట్రల్ మార్కెట్టులోనూ దాని చుట్టుపక్కలా గడిపాం. ధోల్ పూరీ అని అమ్ముతారు. పేరు పూరీ గానీ నూనెలో వేయించరు. పప్పు పొడి లోపల పెట్టి పలుచగా చేసి పెనం మీద కాలుస్తారు. బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి. రెండేసి కలిపి, మధ్యలో చిక్కుళ్ల కూర, టమాటా పచ్చడి పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు. గాతో పిమా అనేది అచ్చం మన పప్పు వడే, పచ్చిమిర్చితో సహా. అలూదా అని పాలలో సబ్జాగింజలు వేసి చల్లగా ఇస్తారు. ఈ మూడింటితో ఇద్దరం రోజు గడిపేశాం. హోటల్లో కూర్చుని తిన్నది ఒక్కపూట. అదే మా ఖాతాలో పెద్ద ఖర్చు.

సాయంత్రాలు కొండగుట్ట మీద ఉన్న సిటాడెల్ కోటకు ఎక్కేవాళ్లం. 1840లో పూర్తయిన ఈ కోటకు ఇంగ్లండు రాణి అడిలెయిడ్ పేరు పెట్టారు. పైనుంచి చూస్తే ఒక పక్క రేవు, ఓడలు, మరో పక్క షాన్ ద మార్స్ మైదానం. 1812 నుంచి అది గుర్రప్పందేల మైదానం. స్వాతంత్ర్య దినాన మొదటి జెండా ఎగరేసింది కూడా అక్కడే. అక్కడి నుంచి దిగితే కాసేపట్లోనే చైనాబజారు, జుమ్మా మసీదు, గుడి, చర్చి అన్నీ తగులుతాయి.

తెలుగు మాట

మూడో రోజు మెట్రో ఎక్కాం. ఈ రైలు 2020 జనవరి నుంచి ప్రయాణికులను పూర్తిస్థాయిలో తిప్పుతోంది. బస్సుల్లో విద్యార్థులకు, వృద్ధులకు 2005 నుంచి ఉచిత ప్రయాణం ఉంది. బస్‌పాసు కోసం క్యూలో నిలబడిన మాకు ఇది బాగా నచ్చింది. మా మాటలు విని ఎదురు సీట్లోని పెద్దావిడ “తెలుగా? ఏ ఊరు?” అని అడిగారు. “ఆంధ్రా నుంచి వచ్చామమ్మా” అన్నాం. ఆమెకు వచ్చిన తెలుగు అంతవరకే. తర్వాత క్రియోల్‌లో మాట్లాడారు. మాకు అర్థం కాలేదు. చివరికి “సింహాద్రి అప్పన్న” అని రెండు చేతులూ జోడించారు. మేమూ జోడించాం.

మన కూలీలు ఎక్కువగా విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అని పేరు వచ్చింది. వాళ్లు 1947లో మారిషస్ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. ఇప్పుడు బడుల్లో పిల్లలు తెలుగు నేర్చుకుంటున్నారు.

పాత రిజిస్టర్లు రాజధానికి దగ్గరలోనే మోకాలో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. తాతముత్తాతల ఊరు పేరు వెతుక్కుంటూ అక్కడివాళ్లు వస్తుంటారు. మనవైపు నుంచి కూడా వెతకవచ్చు. కోస్తా జిల్లాల తమ్ముళ్లు, చెల్లెళ్లు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ముసలివాళ్లను అడగండి: ఓడెక్కి పోయి తిరిగిరానివాళ్లు మన ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని. పేరు, ఊరు, ఇంటిపేరు, తెలిస్తే వెళ్లిన ఏడు కూడా ఒక కాగితం మీద రాసి వార్డెన్ గారికి ఇవ్వండి. వచ్చే వార్షికోత్సవానికి మేము వస్తాం, ఆ కాగితాలు తీసుకుంటాం.