ముందు హక్కు, తర్వాత సాయం

 

కుటుంబంలోని సంతోషం గురించి, బంధువులను ఆదుకోవడం గురించి ఈ సంచికకు ఒక వ్యాసం రాయమని పెద్దలు అడిగారు. ఇన్నేళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నాం కదా, ఇదేమంత పని అనుకున్నాం. తీరా కాగితం ముందు కూర్చున్నాక, ఇది మేము చెప్పిన పాఠం కాదని, ఆలస్యంగా నేర్చుకున్న పాఠమని గుర్తొచ్చింది. అందుకే మా తప్పుతో సహా రాస్తున్నాం.

నింపలేని గళ్లు

2023లో ఏడో తరగతి పిల్లలకు వంశవృక్షం గీసుకు రమ్మని ఇంటిపని ఇచ్చాం. నాన్న వైపు, అమ్మ వైపు మూడు తరాల పేర్లు రాయాలి. మర్నాడు పుస్తకాలు చూస్తే చాలామంది మేనత్త దగ్గరో, పెదనాన్న దగ్గరో ఆగిపోయారు. క్రికెట్ జట్టులోని పదకొండు మంది పేర్లూ గడగడా చెప్పే పిల్లాడు కూడా ఆ గడిని ఖాళీగా వదిలేశాడు. ఎందుకని అడిగితే, "మేనత్త ఉంది సార్. కానీ మావాళ్లు మాట్లాడుకోరు" అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి మా అబ్బాయి చేత కూడా గీయించాం. ఫుప్పూ పేరు రాశాడు. ఆమె పిల్లల గళ్ల దగ్గర కలం ఆగింది. ముగ్గురిలో ఒక్కరి పేరే వాడికి తెలుసు. వాళ్లు మా సొంత ఆపా పిల్లలు. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

మా ఇంటి లెక్క

మేము ముగ్గురం. అందరికంటే పెద్దది ఆపా, తర్వాత భాయీజాన్, చివర మేము. అబ్బా, అమ్మీ ఇద్దరూ పోయాక 2011లో పాత ఇల్లు అమ్మాం. 15 లక్షలు వచ్చాయి. ఆ రోజు బంధువులందరి ముందూ ఎవరో, "ఏమ్మా, నీకేమైనా కావాలా?" అని ఆపాను అడిగారు. ఆమె తల వంచుకొని, "తమ్ముళ్లు బాగుంటే చాలు" అంది. ఆ మాటను మేము మాఫీ చేసినట్టే లెక్కగట్టుకున్నాం. భాయీజాన్, మేము చెరి ఏడున్నర లక్షలు తీసుకున్నాం.

ఆపా కాపురం మార్కాపురంలో. బావగారు పలకల కార్ఖానాలో చెక్క ఫ్రేములు బిగించే పని చేసేవారు. పలకల వాడకం తగ్గేకొద్దీ పని తగ్గింది, తర్వాత ఆరోగ్యమూ తగ్గింది. అది తెలిసి మేము ఏటా రంజాన్‌లో మా జకాత్ నుంచి 5,000 ఆమె ఖాతాలో వేసేవాళ్లం. 12 రంజాన్లు అలా గడిచాయి. రైలెక్కితే ఒక పూట ప్రయాణమే. అయినా నిండుగా ఒక రోజు ఆ ఇంట్లో గడిపింది లేదు. తీరిక లేదని చెప్పుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే, ఆ గడపలో కూర్చుంటే పాత ఇంటి మాట వస్తుందేమోనన్న జంకు.

వంశవృక్షం గీయించిన మరుసటి ఆదివారం పిల్లల్ని తీసుకొని వెళ్లాం. ఆపా బగారా అన్నం, దాల్చా చేసింది. తిన్నాక బీరువాలోంచి ఒక పాత నోటుబుక్కు తెచ్చి మా చేతిలో పెట్టింది. మేము పంపిన ప్రతి పైసా తేదీతో సహా అందులో ఉంది. కింద కూడిక వేసి 60,000 అని రాసింది. "పెద్దోడి ఉద్యోగం కుదిరాక మెల్లమెల్లగా తీరుస్తాను. మరిచిపోతానేమోనని రాసి పెట్టుకున్నాను" అంది.

మేము సాయమనుకున్నదాన్ని ఆమె అప్పనుకుంది. 12 ఏళ్లు ఆ భారం మోసింది. తిరిగి ఇవ్వనక్కర్లేదని ఒక్క మాట చెప్పడానికైనా మేము ఫోన్ చేయలేదు. గడప దాటి వస్తుంటే ఆపా అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "డబ్బులు వచ్చేవి రా. నువ్వే రాలేదు."

ఉహద్ తర్వాత ఒక తల్లి అడిగిన ప్రశ్న

ఊరికి తిరిగొచ్చి మా మసీదు ఇమామ్‌సాబ్‌కు సంగతంతా చెప్పాం. ఆయన ముందు ఒక సంఘటన గుర్తు చేశారు.

హిజ్రీ 3వ సంవత్సరంలో జరిగిన ఉహద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయనకు ఇద్దరు కూతుళ్లు. ఆనాటి అరబ్బుల ఆచారం ప్రకారం ఆయన సోదరుడు ఆస్తి మొత్తం తీసేసుకున్నాడు. ఆ పిల్లల తల్లి దైవప్రవక్త ముహమ్మద్ (స) దగ్గరికి వచ్చి, చేతిలో ఏమీ లేకుండా ఈ పిల్లల పెళ్లిళ్లు ఎలా అవుతాయని మొరపెట్టుకుంది. ఆ తర్వాత వారసత్వ ఆయతులు అవతరించాయి. దైవప్రవక్త (స) ఆ సోదరుణ్ణి పిలిపించి, ఆస్తిలో మూడింట రెండు వంతులు ఇద్దరు కూతుళ్లకు, ఎనిమిదో వంతు వారి తల్లికి ఇచ్చి, మిగిలింది తాను తీసుకోమని ఆదేశించారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. అనాథలైన అన్న బిడ్డల మీద దయ చూపమని ఆయన ఆ బాబాయికి చెప్పలేదు. వాళ్లది వాళ్లకు ఇమ్మన్నారు. దయకు కొలత ఉండదు, హక్కుకు ఉంటుంది. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు వదిలివెళ్లినది కొంచెమైనా ఎక్కువైనా అందులో పురుషులకు భాగం ఉన్నట్టే స్త్రీలకూ భాగం ఉందని దివ్య ఖుర్ఆన్ (4:7) స్పష్టం చేసింది.

మా లెక్క చూద్దాం. తల్లిదండ్రులు లేరు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. మొత్తం ఐదు పాళ్లు. 15 లక్షల్లో ఆపాది 3 లక్షలు. అంటే మా ఒక్కొక్కరి దగ్గరా ఆమె సొమ్ము లక్షన్నర ఉండిపోయింది. ఆమె సొమ్ము మా దగ్గర పెట్టుకొని, ఏడాదికి 5,000 పంపి, మేము దాతలం అనుకున్నాం!

"ఆపా మాఫ్ చేసింది కదా?" అని అడిగాం. ఇమామ్‌సాబ్ నవ్వి, "చేతికి ఇవ్వని సొమ్మును మాఫ్ చేయమని నలుగురిలో అడిగితే ఏ ఆడపడుచు కాదంటుంది? ముందు తెచ్చి ఆమె చేతిలో పెట్టండి. తన ఇష్టంతో తిరిగి ఇస్తే అది కానుక అవుతుంది. జకాత్‌గా పంపింది ఆ ఖాతాలోదే, దాన్ని ఇందులో మినహాయించకండి" అన్నారు.

మేము జీపీఎఫ్ నుంచి అప్పు తీసుకొని లక్షన్నర ఇచ్చి వచ్చాం. 12 ఏళ్ల తర్వాత ఇవన్నీ తవ్వడమెందుకని భాయీజాన్ కోప్పడ్డారు. కొన్ని నెలలు మాతో మాట్లాడలేదు. మేము వాదనకు దిగలేదు, సలాం మానలేదు. తర్వాత ఆయనే రెండు విడతలుగా ఇచ్చారు. ఆపా ఆ నోటుబుక్కు చించేసిన రోజు మా ఇంట్లో ఈద్ లాగే గడిచింది.

రెండు పుణ్యాల సాయం

హక్కు తీర్చాక సాయం మొదలవుతుంది. పేదవాడికి ఇస్తే ఒక దానం, పేద బంధువుకు ఇస్తే అది దానమూ, బంధుత్వాన్ని కలుపుకోవడమూ కూడా అని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ అబూ తల్హా (రజి) మదీనాలో తనకు అన్నిటికంటే ఇష్టమైన బైరుహా తోటను అల్లాహ్ మార్గంలో ఇచ్చేస్తానన్నప్పుడు, దాన్ని దగ్గరి బంధువులకు పంచితే బాగుంటుందని ఆయన సూచించారు. అబూ తల్హా (రజి) అలాగే చేశారు.

ఇలా అంటే సొసైటీకి చందాలు ఇవ్వడం మానమని కాదు. ఏ బంధువూ లేని అనాథకు, చూసే దిక్కులేని వితంతువుకు సొసైటీయే చుట్టం. ఎవరి చుట్టాలను వాళ్లు చూసుకుంటే, సొసైటీ దగ్గరున్నది ఆ దిక్కులేని వారికి మరింతగా అందుతుంది.

ఇక మనసుకు కష్టమైన పాఠం ఒకటుంది. బంధువు మనల్ని నొప్పించినప్పుడు ఏం చేయాలి? హజ్రత్ అబూబకర్ (రజి) తన బంధువైన మిస్తహ్‌ను చాలాకాలం పోషించారు. అదే మిస్తహ్, అబూబకర్ (రజి) కుమార్తె హజ్రత్ ఆయిషా (రజి) మీద కపటులు పుట్టించిన అపనిందను నోట పలికారు. ఒక తండ్రికి ఇంతకంటే గాయం ఏముంటుంది? ఇక సాయం చేయనని అబూబకర్ (రజి) ప్రమాణం చేశారు. అప్పుడు సూరా నూర్‌లోని 22వ ఆయతు అవతరించింది. కలిగినవారు బంధువులకు, పేదలకు ఇవ్వబోమని ఒట్టు పెట్టుకోవద్దని, క్షమించమని, అల్లాహ్ మిమ్మల్ని క్షమించాలని మీకు లేదా అని అది అడుగుతోంది. అబూబకర్ (రజి) వెంటనే సాయం తిరిగి మొదలుపెట్టారు. పెళ్లిలో మర్యాద తక్కువైందనో, పిలుపు ఆలస్యమైందనో ఏళ్ల తరబడి ముఖం చాటేసుకునే మనకు ఈ ఒక్క ఆయతు చాలు.

సంతోషం ఎక్కడ దొరికింది?

ఇప్పుడు వీలైన ప్రతి రెండో శనివారం మేము మార్కాపురం వెళ్తాం, లేదా వాళ్లు మా ఇంటికి వస్తారు. పెద్ద విశేషమేమీ ఉండదు. పెద్దలు అమ్మీ చేతి చింతకాయ పచ్చడి గురించి మాట్లాడుకుంటారు. పిల్లలు బావగారి దగ్గర మిగిలిన పలకల మీద బొమ్మలు గీస్తారు. మగ్రిబ్ వేళకు బావగారు కుర్చీలో కూర్చొని నమాజ్ చేస్తుంటే పక్కన మా పిల్లలు సఫ్ కడతారు. ఆ పావుగంటలో మాకు కలిగే నెమ్మది డబ్బు పంపిన ఏ రంజాన్‌లోనూ కలగలేదు.

దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజ్ వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఒక సమాజాన్ని నడిపిన మనిషికి ఇంటికోసం సమయం ఉంది. మనకు లేదనడం న్యాయమా?

ఇంటిపని

ఉపాధ్యాయులం కదా, ఇంటిపని ఇవ్వకుండా ముగించలేం.

1. ఈ రాత్రి ఫోన్లు పక్కన పెట్టి, పిల్లలతో కలిసి వంశవృక్షం గీయండి. ఖాళీ గడి ఎక్కడుందో అక్కడి నుంచే మీ పని మొదలవుతుంది.

2. తల్లిదండ్రుల ఆస్తిలో ఆపాకో చెల్లెలికో రావలసింది మీ దగ్గర ఉందేమో చూసుకోండి. ఉంటే ముందు అది ఇచ్చేయండి. ప్రతి ఇంటి లెక్కా ఒకటి కాదు. మీ లెక్కను ఒక ఆలిమ్‌కు చూపించండి.

3. తల్లిదండ్రులకు, తాతనానమ్మలకు, కన్నపిల్లలకు, మనవలకు, భార్యకు జకాత్ ఇవ్వకూడదు. వారిని పోషించడం మన బాధ్యత. అర్హులైన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, చాచా, ఫుప్పూ, మామూ, ఖాలాలకు ఇవ్వవచ్చు.

4. ఇచ్చేటప్పుడు ఇది జకాత్ అని పేరు పెట్టి చెప్పనక్కర్లేదు. మన సంకల్పం చాలు. కానీ తిరిగి ఇవ్వనక్కర్లేదని మాత్రం తప్పక చెప్పండి. లేదంటే మీరు పంపింది కూడా ఎక్కడో ఒక నోటుబుక్కులో అప్పుగా చేరుతుంది.

5. డబ్బు పంపిన నెలలోనే ఒకసారి మనిషిగా వెళ్లండి. ఉత్త చేతులతో వెళ్లినా ఫరవాలేదు. వాళ్లింట్లో ఒక ముద్ద తినండి. పెట్టే అవకాశం వాళ్లకూ ఉండాలి.

6. మాట్లాడని బంధువుకు మీరే ముందు సలాం చెప్పండి. కలిసినవారితో కలవడం గొప్ప కాదు, తెంచుకున్నవారితో కలుపుకునేవాడే నిజంగా బంధుత్వం నిలిపేవాడని దైవప్రవక్త (స) బోధించారు.

ఈ మధ్య మా అబ్బాయి ఆ పాత వంశవృక్షం తీసి మిగిలిన రెండు పేర్లూ రాశాడు. మేము చెప్పలేదు, వాడంతట వాడే రాశాడు.

ఎవరి హక్కు వారికి చేర్చే బుద్ధిని, బంధువుల గడప తొక్కే తీరికను, నొప్పించినవారిని క్షమించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. మన ఇళ్లను శాంతితో నింపుగాక. ఆమీన్.