వాటర్ హీటర్ రాడ్ బాగుందో లేదో ఎలా చూడాలి?

చలికాలం రాగానే అటక మీది హీటర్ రాడ్‌ని దింపి, దుమ్ము తుడిచి, నేరుగా ప్లగ్గులో పెట్టేస్తాం. అలా పెట్టకండి. కరెంటు సామాన్ల కొట్లో డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. మూడు కొలతలతో విషయం చాలావరకు ఇంట్లోనే తేలుతుంది.

లోపల ఏముంటుంది?

లోహపు గొట్టం, దాని నడుమ చుట్టలుగా నైక్రోమ్ తీగ. సాధారణంగా నికెల్ 80, క్రోమియం 20 పాళ్లు కలిసిన ఈ లోహానికి 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ పేటెంట్ పొందారు. ఇది కరెంటును గట్టిగా అడ్డుకుని వేడెక్కుతుంది, ఎర్రగా కాలినా త్వరగా పాడవదు. తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరతారు. అది వేడిని బయటికి పంపుతుంది, కరెంటును ఆపుతుంది. తడి చేరితే మాత్రం ఆపలేదు. గీజర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్ అన్నీ ఇలా తీగ వేడెక్కడం మీదే నడుస్తాయి.

ఎలా చూడాలి?

1. ప్లగ్గు తీసేయండి. రాడ్ చల్లారి, పొడిగా ఉండాలి.

2. మీటరును 200 ఓమ్‌ల దగ్గర పెట్టి, ప్లగ్గులోని రెండు సన్న పిన్నులకు తాకించండి. 230ని 230తో గుణించి వాట్లతో భాగిస్తే రావలసిన అంకె తెలుస్తుంది. 1000 వాట్లకు సుమారు 53 ఓమ్‌లు, 1500కి 35, 2000కి 26. కాస్త అటూఇటూ అయినా ఫర్వాలేదు. అసలేమీ చూపకపోతే తీగో, వైరో తెగినట్టే.

3. ఒక కొస లావు పిన్నుకు, రెండోది గొట్టానికి పెట్టండి. దాదాపు సున్నా రావాలి. రాకపోతే ఎర్త్ లేదన్నమాట. బాగుచేయించేదాకా వాడొద్దు.

4. మీటరును మెగాఓమ్‌లకు మార్చి, సన్న పిన్నుకూ గొట్టానికీ మధ్య చూడండి. ఏ అంకె కనబడినా కరెంటు లీకవుతోందని అనుమానించాలి. అనుమానముంటే ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూపించండి.

వాడేటప్పుడు

రాడ్ నీళ్లలో గుర్తుదాకా మునిగాకే స్విచ్ వేయండి. 1500 వాట్ల రాడ్ 15 లీటర్ల నీటిని 25 నుంచి 45 డిగ్రీలకు తేవడానికి 14 నిమిషాలకు పైగా పడుతుంది, మూడో వంతు యూనిట్‌కు పైగా కరెంటు ఖర్చవుతుంది. 2000 వాట్లదైతే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్టే వాడాలి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో గొట్టం మీద తెల్లటి పొర కడుతుంది. దానివల్ల వేడి నీటిలోకి దిగక తీగ మాడిపోతుంది. ఆ పొర కట్టిన భాగాన్ని మాత్రమే వెనిగర్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది కడగండి. పూర్తిగా ఆరాకే వాడండి.

నీళ్లు కాగాయేమోనని రాడ్ నడుస్తుండగా చెయ్యి పెట్టకండి. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే ముట్టుకోండి. మీటర్లో అన్నీ బాగున్నా ఈ జాగ్రత్త తప్పదు. ఇంట్లో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ చలికాలానికి ముందే పెట్టించుకోండి.